చెవి లేని ప్రోగ్రాము

పోయిన ఏడాది దీవాళీ సుట్టీల్లో ఒక మధ్యాహ్నం, మా అన్న పాత ఫోన్‌లో "తెలుగు" అని టైపు చేసి ఇందులో ఎన్ని అక్షరాలున్నాయని పైథాన్‌ను అడిగాను. ఆరు అని చెప్పింది.

మూడు కదా! తె, లు, గు. ఒకటో తరగతి పిల్లను అడిగినా చెప్తుంది. నేనే తప్పు టైపు చేశానేమో అనుకుని మళ్లీ కొట్టాను. మళ్లీ ఆరే. "అమ్మ" అని కొడితే నాలుగు అన్నది. "స్త్రీ" అని కొడితే అదీ ఆరే. ఉన్నది ఒక్క అక్షరం, దానికి ఆరు! తర్వాత "తెలుగు"ను తిరగేసి రాయమన్నాను. గులెత అని వచ్చింది. దాని ముందు ఒక చుక్కల వలయం, దానికి కొమ్ము వేలాడుతూ ఉంది. తె మీది ఎత్వం పోయి ల మీద కూర్చుంది. నాకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఇంగ్లీషు పదాలకు సరిగ్గానే చెప్తున్నది, మన భాష దగ్గరికి వచ్చేసరికి దీనికి లెక్కే రాదా అనుకున్నాను.

మా అన్న పుణెలో పనికి పోతూ ఆ ఫోన్ నాకు ఇచ్చిపోయాడు. అద్దం ఒక మూల పగిలింది. కానీ అందులో పైథాన్ నడిపే యాప్ ఒకటి వేసిచ్చాడు, దానికి నెట్ అక్కర్లేదు. మా బడిలో కంప్యూటర్ పీరియడ్ వారానికి ఒకటే, ఒక్కో కీబోర్డుకు ముగ్గురం. కాబట్టి నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆ ఫోన్‌లోనే, గెలికి గెలికి నేర్చుకున్నది. వీడియోలు చూశాను గానీ అవన్నీ ఇంగ్లీషులో గబగబా పోతాయి. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసేలోపు మా అమ్మ కేకేస్తుంది. అందుకని నా పద్ధతి ఏంటంటే, ఏదో ఒకటి రాసి నడపడం, ఎర్రర్ వస్తే అదెందుకు వచ్చిందో చూడడం.

ఆ రోజు కూడా అట్లాగే చేశాను. ఆరు అంటున్నది కదా, ఆ ఆరు ఏవో ఒక్కొక్కటి చూపించమన్నాను. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు వరుసల్లో వచ్చాయి. అప్పుడు అర్థమైంది. అది అబద్ధం చెప్పలేదు. మనం అక్షరం అనే దాన్ని అది ముక్కలుగా దాచుకుంటుంది. హల్లు ఒక ముక్క, గుణింతం గుర్తు ఇంకో ముక్క. ఒక్కో ముక్కకు ఒక్కో నంబరు. అ అంటే 3077, క అంటే 3093, పొల్లు అంటే 3149. యూనికోడ్ అనే పట్టికలో 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు తెలుగుకని పెట్టారు. ఒత్తులకు వేరే నంబర్లే లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే అదే ఒత్తు. "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మ. అందుకే నాలుగు. ఇది కనిపెట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక మా అమ్మకు చెప్పాను. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నది. తల ఎత్తకుండానే "ఆరైతే ఏంది, మూడైతే ఏంది, ముందు ఆ దారపుండ ఇటియ్యి" అన్నది.

చెప్పడం మర్చిపోయాను, మాది సోలాపూర్. మా ముత్తాత కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చాడట. మా వాడలో ఇంటికొకరైనా మగ్గం మీద, కార్ఖానాలో, లేకపోతే బీడీల మీద ఉన్నవాళ్లే. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, బడిలో తెలుగు మీడియం. మా తాత 40 ఏళ్లు చద్దర్ల కార్ఖానాలో జాకార్డు మగ్గం మీద పని చేశాడు. ఇప్పుడు కళ్లు సరిగ్గా ఆనవు, అయినా పద్యం చదివితే మాత్రం ఎక్కడ తప్పు పోయిందో పట్టుకుంటాడు. పోతన భాగవతం పద్యాలు, వేమన పద్యాలు ఆయనకు నోటికి వస్తాయి. బడికి పోయింది నాలుగో తరగతి దాకే.

అలాంటి తాత మనవరాలినైన నాకు 9వ తరగతి మొదటి యూనిట్ టెస్టులో ఛందస్సు ప్రశ్నకు 4 మార్కులకు సున్నా వచ్చింది. గురువులు, లఘువులు గుర్తించి ఏ పద్యమో రాయాలి. నేను దీర్ఘాలన్నీ గురువులని పెట్టేసి, మిగతావన్నీ లఘువులని పెట్టేశాను. తెలుగు సార్ పేపర్ ఇస్తూ "నీకు అన్నీ తేలికగానే కనిపిస్తున్నాయమ్మా" అన్నారు. లఘువు అంటే తేలిక అని అర్థం కదా, క్లాసంతా నవ్వింది.

అందుకని సుట్టీల్లో ముక్కల సంగతి తెలియగానే నాకు ఒక ఆలోచన వచ్చింది. సార్ చెప్పిన నియమాలు ఎలాగూ నాకు గుర్తుండవు. ఫోన్‌కు నేర్పిస్తే?

పని మొదలుపెట్టాక తెలిసింది, నియమాలు నాకు సరిగ్గా తెలియకపోతే ఫోన్‌కు నేర్పడం కుదరదని. దీర్ఘమైతే గురువు. పక్కన సున్నా ఉంటే గురువు, విసర్గ ఉంటే గురువు. ఐ, ఔ ఉన్నవి గురువులు. పొల్లుతో కలిసి పలికేది గురువు. ఒత్తున్న అక్షరానికి, అంటే సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. మిగతావి లఘువులు. ఈ ఆరు వాక్యాలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మొదట ముక్కల్ని మళ్లీ అక్షరాలుగా అతికించాలి. హల్లు వచ్చి, దాని ముందు పొల్లు లేకపోతే కొత్త అక్షరం. ముందు పొల్లు ఉంటే అది ఒత్తు, పాత అక్షరానికే అంటించాలి. పదం చివర పొల్లు మిగిలిపోతే దాన్ని తీసుకుపోయి ముందు అక్షరానికి కలపాలి. ఈ చివరిది నేను మర్చిపోయాను. అందుకే కొన్ని రోజులు నా ప్రోగ్రాము "పూసెన్" అంటే మూడు అక్షరాలని చెప్పింది.

మధ్యలో ఒక మంచి విషయం దొరికింది. పైథాన్‌లో మనం దాచుకునే వాటికి పేర్లు తెలుగులో కూడా పెట్టొచ్చు. ఫర్, ఇఫ్ లాంటివి ఇంగ్లీషులోనే ఉండాలి గానీ, నా పేర్లు గురువు, లఘువు, ముందుది, చిట్టా అని పెట్టాను. నడిచింది! తెలుగు అంకెలతో ౧౨ అని రాసిచ్చి దాన్ని సంఖ్యగా మార్చమంటే 12 అని మార్చింది కూడా. ఒక్కసారి మాత్రం "లైన్‌లు" అని పేరు పెడితే ఎర్రర్ వచ్చింది. ఎందుకో అర్థం కాలేదు. పేరు మార్చి "వరుసలు" అని పెట్టుకుని ముందుకు పోయాను. ఆ ఎర్రర్‌ను అప్పుడే చదివి ఉంటే తర్వాత కొంత తల నొప్పి తప్పేది.

తర్వాత గణాలు. సార్ ఎన్నోసార్లు చెప్పిన "యమాతారాజభానసలగం" అనే సూత్రం నాకు అప్పటిదాకా ఒక మంత్రంలాగే ఉండేది. దాన్ని నా ప్రోగ్రాముకు ఇచ్చి గురులఘువులు గుర్తించమన్నాను. ల గ గ గ ల గ ల ల ల గ అని వచ్చింది. మొదటి అక్షరం నుంచి మూడు తీసుకుంటే య గణం. ఒకటి జరిగి మూడు తీసుకుంటే మ గణం. ఇంకొకటి జరిగితే త గణం. అట్లా జరుగుతూ పోతే ఎనిమిది గణాలూ వచ్చేశాయి, ఒక్కటీ రెండోసారి రాలేదు. మూడు అక్షరాలు, ఒక్కోదానికి రెండే అవకాశాలు, కాబట్టి రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. ఎనిమిది కంటే ఎక్కువ గణాలు ఉండనే ఉండవు. పది అక్షరాల్లో ఆ ఎనిమిదింటినీ ఒకదాని మీద ఒకటి సర్దిపెట్టిన మనిషి ఎవరో గానీ ఆయన మంచి ప్రోగ్రామర్ అయి ఉండేవాడు.

ఇది తాతకు చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "రెండే కదా, ఉన్నది లేనిది. మా అట్టలూ అంతే" అన్నాడు. జాకార్డు మగ్గానికి అట్టల దండ ఉంటుంది. అట్టలో బొక్క ఉంటే ఆ దారం లేస్తుంది, లేకపోతే లేవదు. ఒక్కో అట్టకు ఒక్కో పేక పోగు. అట్లా పువ్వులు, నెమళ్లు వస్తాయి. ఆ మగ్గాన్ని 1804లో ఫ్రాన్సులో జాకార్డ్ అనే ఆయన తయారు చేశాడని, దాన్ని చూసే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు వాడాలనుకున్నాడని నేను తర్వాత చదివాను. అంటే మా వాడలో నాకంటే ముందే కొన్ని వందల మంది ప్రోగ్రాములు నడిపారు. వాళ్లకు ఆ పేరు తెలియదు, అంతే.

డిసెంబరు చివరికి నా ప్రోగ్రాము నాలుగు వృత్తాలను గుర్తుపట్టింది. భ ర న భ భ ర వ వస్తే ఉత్పలమాల, న జ భ జ జ జ ర వస్తే చంపకమాల, మ స జ స త త గ అయితే శార్దూలం, స భ ర న మ య వ అయితే మత్తేభం. ఏదీ కాకపోతే "ఏ వృత్తమూ కాదు" అని చెప్తుంది. నేను రోజూ ఏం చేశానో, ఏం చెడిపోయిందో మా క్లాసు వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాలు పెట్టేదాన్ని. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒకరిద్దరు బొటనవేలు గుర్తు పెట్టేవాళ్లు. ప్రోగ్రాము మొత్తం పెట్టి, యాప్‌లో ఎలా అతికించాలో ఫొటోలతో సహా పెట్టిన రోజు మాత్రం గ్రూపు నిండిపోయింది. ఎందుకంటే మరుసటి రోజు ఛందస్సు హోంవర్కు ఉంది.

అప్పుడు నాకు ఎంత గర్వం వచ్చిందో దాచకుండా రాస్తున్నాను. పొద్దున బడికి పోతుంటే వేరే సెక్షన్ వాళ్లు కూడా "నువ్వేనా ఆ ఛందస్సు మిషన్ చేసింది" అని అడిగారు. నేను అవునని చెప్పి తల కొంచెం పైకెత్తి నడిచాను.

జనవరి రెండో వారం. సార్ తనే రాసిన నాలుగు పాదాలు బోర్డు మీద రాసి, ఒక్కో పాదానికి గణవిభజన చేసుకుని రమ్మన్నారు. ఊరు గురించిన పద్యం. ఒక పాదం మధ్యలో "మన గ్రామము" అని ఉంది. మర్నాడు పుస్తకాలు దిద్దుతూ దిద్దుతూ సార్ ఆగిపోయారు. ఇంకో పుస్తకం తీశారు. ఇంకోటి. బల్ల మీద ఒక పక్కన పేర్చడం మొదలుపెట్టారు. పద్నాలుగు పుస్తకాలు. అన్నింట్లో ఆ పాదం కింద ఒకటే మాట: ఏ వృత్తమూ కాదు.

"నేను రాసింది పద్యమే కాదన్నమాట" అన్నారు సార్. ఎవరూ మాట్లాడలేదు. "సరే, నాకు రాకపోవచ్చు. కానీ తప్పయినా మనిషికొక రకంగా ఉంటుంది. మీ పద్నాలుగు మందికీ ఒకే చెవి ఉన్నదా?"

నేను లేచి నిలబడ్డాను. చెప్పాను. సార్ తిట్టలేదు. బోర్డు దగ్గరికి రమ్మని ఆ పాదం గట్టిగా చదవమన్నారు. చదివాను. "న దగ్గర ఒత్తి పలికావా?" అని అడిగారు. లేదు. నేను తేలికగానే పలికాను. మన, తర్వాత గ్రామము. రెండు వేరు మాటలు. గ్రా అనేది సంయుక్తాక్షరమే, కానీ దాని ముందున్న న వేరే మాటలోది, కాబట్టి అది బరువెక్కదు. నా ప్రోగ్రాములో నేను చేసిన మొట్టమొదటి పని ఖాళీలన్నీ తీసేయడం. లెక్క తేలికవుతుందని. దానికి "మనగ్రామము" అని కనిపించింది, న ను గురువు చేసేసింది. ల ల గ ల ల రావాల్సిన చోట ల గ గ ల ల వచ్చింది. ఉత్పలమాల చెడిపోయింది.

అప్పటికి నాకు సిగ్గు మాత్రమే. అసలు బాధ తర్వాత తెలిసింది. ఆ పద్నాలుగు పుస్తకాల్లో ఒకటి నా పక్క బెంచీ స్నేహితురాలిది. ఆమెకు ఛందస్సు బాగా వస్తుంది, క్లాసులో అందరికంటే. వాళ్ల నాయనమ్మ భజనలో పాడుతుంది, ఈమె కూడా పక్కన కూర్చుని పాడుతుంది. ఆమె పుస్తకంలో రబ్బరుతో చెరిపిన గుర్తు ఉంది. వెలుతురుకు పెట్టి చూస్తే కింద ఉత్పలమాల అనే కనిపిస్తున్నది. ముందు సరిగ్గానే రాసింది. రాత్రి నా ప్రోగ్రాముతో సరిచూసుకుని, చెరిపి, తప్పు రాసింది.

"నీకు తెలుసు కదా, ఎందుకు చెరిపావ్?" అని అడిగాను.

"కంప్యూటర్ జెప్పింది గదా. నేనే తప్పనుకున్న" అన్నది. కొంచెం ఆగి, "నువ్వు జెప్పుంటే కొట్లాడేదాన్ని. అది జెప్పేసరికి ఊకున్న" అన్నది.

ఆ రోజు సాయంత్రం ఆమె గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయింది. బడిలో మాట్లాడేది గానీ ముక్తసరిగా.

ఇంటికి వచ్చి ఫోన్ మూల పడేశాను. రెండు రోజులు ముట్టలేదు. తాత అడిగితే అంతా చెప్పాను. ఆయన "అట్టల తప్పు కొట్టినవన్నట్టు" అన్నాడు. కార్ఖానాలో ఒకసారి కొత్త డిజైన్‌కు ఒక అట్టలో బొక్క తప్పు పడిందట. చూస్తే చిన్నదే, కానీ దండ తిరిగినప్పుడల్లా అదే తప్పు పడుతుంది. ఎవరూ చూసుకోక ముందే 60 చద్దర్లు దిగాయి. ప్రతి చద్దరు మీద నెమలికి కన్ను లేదు. "చేత్తో నేస్తే ఒక్క చద్దరే ఖరాబయ్యేది. అట్టతోని నేస్తే అన్నీ ఖరాబైతయి" అన్నాడు. ఏం చేశారని అడిగితే, మగ్గం ఆపి, దండ విప్పి, ఒక్కో అట్ట చేత్తో తడుముతూ, ఒక్కో పోగు వేస్తూ చూసుకున్నారట. ఒక పూట పట్టిందట.

నేను కూడా అట్లాగే చేశాను. ప్రోగ్రాములో ప్రతి అడుగు తర్వాత అప్పటిదాకా ఏం చేశావో చూపించు అని రాశాను. తాతను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో అక్షరం పైకి చదివాను. ఆయన గురువో లఘువో చెప్తాడు, నేను తెర మీద చూసి సరిపోల్చుతాను. ఖాళీల సంగతి సరి చేయడం సులువే, తీసేయకుండా ఉంచితే చాలు. కానీ అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. "గురు ప్రసాదము" అనేది సమాసం. మధ్యలో ఖాళీ వదిలి అచ్చు వేసినా అది ఒక్క మాటే. అక్కడ రు గురువు అవుతుంది. అంటే ఖాళీ ఉన్నా ఒకచోట బరువు, ఇంకోచోట తేలిక. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. దీన్ని ఫోన్‌కు ఎట్లా చెప్పను? ఏది సమాసమో, ఏది కాదో దానికి తెలియాలంటే తెలుగు మొత్తం తెలియాలి. మూడు రోజులు తిప్పలు పడి, చివరికి ఆ పని వదిలేశాను. ఒత్తుతో మొదలయ్యే మాట వస్తే దాని ముందు అక్షరానికి గురువూ పెట్టవద్దు, లఘువూ పెట్టవద్దు, ప్రశ్న గుర్తు పెట్టమన్నాను. రెండు రకాలుగానూ చూసి, ఇట్లా అయితే ఉత్పలమాల, అట్లా అయితే ఏదీ కాదు, మీరే చదివి చూసుకోండి అని చెప్తుంది. చూడ్డానికి ఇది ముందటి దాని కంటే తక్కువ తెలివైనట్టు ఉంటుంది. నాకు మాత్రం ఇదే నచ్చింది.

గ్రూపులో మళ్లీ రాశాను. ఈసారి ప్రోగ్రాము కంటే ముందు తప్పుల చిట్టా పెట్టాను. ఒకటి, ఖాళీల తప్పు, ఎవరి పుస్తకాలు చెడిపోయాయో వాళ్లకు క్షమాపణ. రెండు, యతి ప్రాసలు ఇది చూడదు. మూడు, ఆటవెలది, తేటగీతి రావు. ఇంకా ఏం తప్పులున్నాయో మీరు వెతికి చెప్పండి అని అడిగాను. చెప్పకపోతే ఇంకో హోంవర్కు చెడిపోతుందని కూడా రాశాను, అప్పుడైనా వెతుకుతారని.

మొదటి తప్పు మా క్లాసు నుంచి రాలేదు, భివండీ నుంచి వచ్చింది. అక్కడ మా చిన్నమ్మ బిడ్డ ఉంది, వాళ్ల నాన్నదీ మగ్గం పనే. నేను తనకూ పంపాను. "పవర్‌లూమ్ అని కొడితే నాలుగు అక్షరాలంటున్నది, ఇది మళ్లీ మొదలుపెట్టింది" అని మెసేజ్ చేసింది. నేను కొడితే మూడే వచ్చింది. తను పంపిన మాటనే కాపీ చేసి పెడితే నాలుగు. అదే మాట! నా కీబోర్డులో ర్లూ అని ఒత్తు పడుతుంది, తన దాంట్లో ర్ విడిగా, లూ విడిగా వస్తుంది. అంత మాత్రానికి లెక్క మారకూడదు, ప, వర్, లూమ్, మూడే. అక్షరాలు ఒక్కో వరుసలో చూపించమంటే ప, వర్, ఒక ఖాళీ వరుస, తర్వాత లూమ్ వచ్చింది. ఆ వరుసలో ఏమీ లేదు.

"ఏం లేదు తాతా, ఊకెనే లెక్కపెడుతున్నది" అన్నాను.

"బొక్క లేని అట్ట గూడ అట్టనే బిడ్డా. దాని వంతు అది తిరుగుతది" అన్నాడు.

ఆ ఖాళీ వరుస నంబరు ఎంత అని అడిగాను. 8204 అని వచ్చింది. తెలుగు గళ్లు 3199తో అయిపోతాయి కదా, ఇదెక్కడిది? వెతికితే దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేని ముక్క. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా మధ్యలో నిలబడుతుంది, కంటికి కనిపించదు. నా ప్రోగ్రాముకు తెలియని ముక్క ఏది వచ్చినా కొత్త అక్షరం అనుకోమని నేనే రాశాను. అప్పుడెప్పుడో "లైన్‌లు" అనే పేరుకు ఎర్రర్ వచ్చింది గుర్తుందా? అందులోనూ ఇదే దాక్కుని ఉంది. పైథాన్ అప్పుడే కనిపించని అక్షరం ఉందని ఇంగ్లీషులో చెప్పింది, నేను చదవలేదు.

ఫిబ్రవరిలో ఆటవెలది మొదలుపెట్టాను, వేమన పద్యాల కోసం. ఇందులో అక్షరాల లెక్క స్థిరంగా ఉండదు. ఒకటో, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో, నాలుగో పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణానికి రెండక్షరాలైనా ఉండొచ్చు, మూడైనా ఉండొచ్చు. ఇంద్రగణానికి మూడో, నాలుగో. మరి ఎక్కడ కోయాలి? అన్ని రకాలుగా కోసి చూసి, ఏది సరిపోతే అది తీసుకోమని రాయబోయాను. అది పేజీలకు పేజీలు అయింది, నడవలేదు. భోజనాల గంటలో గణాలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుని కూర్చున్నాను. న, గల. కింద నగ, సల, నల, భ, ర, త.

నా స్నేహితురాలు డబ్బా మూసి, పక్కకు వంగి ఆ కాగితం చూసింది. చాలా రోజుల తర్వాత.

"ఇన్ని రకాలుగ ఎందుకు కోస్తున్నవ్? మొదటి అక్షరం జూడు" అన్నది.

చూశాను. నాకేమీ కనిపించలేదు.

"గురువుతోని మొదలైతే మూడక్షరాలు. లఘువుతోని మొదలైతే నాలుగు. భ, ర, త మూడూ గురువుతోని మొదలైతయి. నగ, సల, నల లఘువుతోని." వేలితో చూపించింది. "సూర్యగణాలూ అంతే. గల గురువుతోని, రెండు. న లఘువుతోని, మూడు. పాడేటప్పుడు ముందే తెలుస్తది గదా."

నాకు ముందు తెలియలేదు. అన్ని పేజీల పని రెండు ఇఫ్‌లలో అయిపోయింది. ఆ సాయంత్రం వాళ్లింటి మెట్ల మీద కూర్చుని ఇద్దరం కలిసి టైపు చేశాం. ఆమె చెప్తుంటే నేను కొట్టాను, తర్వాత నేను చెప్తుంటే ఆమె కొట్టింది. లోపల వాళ్ల నాయనమ్మ పాడుకుంటున్నది. మేము మూడు వేమన పద్యాలు పెట్టి చూశాం. రెండు సరిపోయాయి. మూడో దానిలో ఒకచోట ప్రశ్న గుర్తు వచ్చింది.

"ఇది నేను జెప్త" అని ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ఆ పాదం రాగం తీసి చదివింది. లఘువు అన్నది. నేను తప్పుల చిట్టా తెరిచి, మూడో నంబరులో ఆటవెలదిని కొట్టేశాను. తేటగీతి ఇంకా ఉంది.